ఐదు తూటాల లెక్క

నల్లగొండ

చిరంజీవులైన పిల్లలందరికీ తాత ఆశీస్సులు.

మొన్న దసరా సెలవుల్లో మీరంతా మన ఇంటి అరుగు మీద వరుసగా కూర్చొని, తలా ఒక ఫోను పట్టుకొని తుపాకుల ఆట ఆడుతున్నప్పుడు, మీలో అందరికన్నా చిన్నవాడు తల ఎత్తకుండానే నన్నొక మాట అడిగాడు. "తాతా, నువ్వు నిజం తుపాకి ఎప్పుడన్న కాల్చినవా? ఎంతమందిని కొట్టినవ్?" కాల్చానని, కానీ ఎవరినీ కొట్టలేదని, కొట్టింది కాగితాన్నని చెప్పాను. మీకు ఆ జవాబు నచ్చలేదు; వెంటనే మళ్లీ ఆటలో పడిపోయారు. ఆ సాయంత్రం నేను చెప్పవలసింది ఇంకా చాలా ఉండింది. అది మాటల్లో కన్నా ఉత్తరంలో కుదురుగా చెప్పగలనని ఇప్పుడు రాస్తున్నాను.

1972లో నేను నల్లగొండలో డిగ్రీ చదువుతూ ఎన్‌సీసీలో ఉన్నాను. ఆ ఏడు మా శిబిరంలో నలభై మందిమి ఉన్నాం. తుపాకి పేల్చడానికి మాకు కేటాయించినది ఒక్క రోజు. ఆ ఒక్క రోజులో మనిషికి ఐదు తూటాలు. ఆ ఐదింటి కోసం అంతకు ముందు మూడు వారాల పాటు ప్రతి పొద్దూ ఖాళీ తుపాకితో నేల మీద బోర్లా పడుకొని సాధన చేశాం. కాళ్లు ఎంత వెడల్పుగా పెట్టాలి, మోచెయ్యి ఎక్కడ ఆనాలి, తుపాకి మడమ భుజంలో ఏ గుంటలో కుదరాలి, చెంప ఎక్కడ ఆనించాలి అన్నవి ఒంటికి అలవాటయ్యే దాకా హవల్దారు వదిలేవాడు కాదు. మీ ఆటలో దిగిన నిమిషానికే నేల మీద తుపాకి దొరుకుతుంది. తీసుకున్న వాడిని ఎవరూ ఏమీ అడగరు.

మాకిచ్చినది పాయింట్ త్రీ నాట్ త్రీ రైఫిలు. దాని బరువు దాదాపు నాలుగు కిలోలు. నాలుగు కిలోలంటే పెద్దగా అనిపించదు గానీ, దానిని చేతులు చాచి నిలబడి ఒక్క నిమిషం గురి చూసి పట్టుకుంటే ముంజేతులు వణకడం మొదలవుతుంది. ఇక తూటాల బరువు వేరే ఉంటుంది. మీరు ఆటలో ఏకేఎం అని పిలుచుకునే తుపాకి తూటా ఒక్కొక్కటి సుమారు పదహారు గ్రాములు తూగుతుంది. మీ సంచిలో మూడు వందల తూటాలు ఉన్నాయని మొన్న ఒకడు గొప్పగా చూపించాడే, అవి నిజంగా మోయవలసి వస్తే ఐదు కిలోలకు దగ్గరగా ఉంటాయి. అంత బరువు వీపున వేసుకొని, చేతిలో తుపాకితో, ఎర్రటి ఎండలో మన పానగల్లు చెరువు కట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా పరుగెత్తి, ఆ రొప్పుతోనే గురి చూడవలసి వస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి.

మొదటి తూటా పేలినప్పటి సంగతి ఇన్నేళ్ల తరువాత కూడా నాకు స్పష్టంగా గుర్తుంది. పేలిన మరుక్షణం నేను గురిని గాని, కాగితాన్ని గాని చూడలేదు. నా కళ్లు మూసుకుపోయి ఉన్నాయి. భుజానికి ఎవరో రోకలితో పొడిచినట్లు దెబ్బ తగిలింది, చెంప అదిరింది, ముక్కుకు తుపాకిమందు వాసన ఘాటుగా సోకింది. ఇందులో వింత ఏమీ లేదు. మీరు బడిలో న్యూటన్ మూడో సూత్రం చదువుకున్నారు. పదకొండు గ్రాముల పైచిలుకు బరువున్న గుండు సెకనుకు సుమారు 740 మీటర్ల వేగంతో ముందుకు పోతుంటే, దానితో పాటు మందు మండి పుట్టిన వాయువు కూడా వెలువడుతుంటే, నాలుగు కిలోల తుపాకి సెకనుకు రెండు మీటర్లకు పైగా వేగంతో వెనక్కి వచ్చి తీరుతుంది. తుపాకిని భుజానికి గట్టిగా అదిమి పట్టకపోతే ఆ దెబ్బ ఎముకకు తగులుతుంది. ఫోను అదిరితే అరచెయ్యి చక్కిలిగిలి పెట్టినట్లవుతుంది. ఆ రోజు నా భుజం మీద లేచిన కమిలిన మచ్చ వారం రోజుల దాకా పోలేదు.

చప్పుడు గురించి కొంచెం ఎక్కువగానే చెప్పాలి, ఎందుకంటే దాని ఫలితాన్ని నేను ఇప్పటికీ అనుభవిస్తున్నాను. మనం మామూలుగా మాట్లాడుకునే మాట అరవై డెసిబెల్స్ ఉంటుంది. అటువంటి రైఫిలు పేలితే దగ్గరున్నవాడి చెవికి నూట యాభై దాటుతుంది. నూట నలభై దాటిన చప్పుడు ఒక్కసారి సోకినా చెవి లోపలి సున్నితమైన కణాలు శాశ్వతంగా దెబ్బతినవచ్చు, అవి మళ్లీ మొలవవు. ఆ రోజుల్లో మాకు చెవులకు పెట్టుకోవడానికి దూది తప్ప మరేమీ లేదు. కుడి భుజం మీద తుపాకి పెట్టుకున్నవాడికి ఎడమ చెవి గొట్టం వైపు ఉంటుంది, కుడి చెవికి తల అడ్డం వస్తుంది. అందుకే ఎక్కువగా ఎడమ చెవే పాడవుతుంది. ఆ తరువాత నేను మాస్టారుగా పని చేస్తూ పిల్లలను చాలా ఏళ్లు రేంజికి, అంటే తుపాకి పేల్చడం నేర్పే మైదానానికి, తీసుకుపోయాను. నా ఎడమ చెవిలో రాత్రిపూట కీచురాయి అరిచినట్లు ఉండే మోత అప్పటి నుంచి ఉన్నదే. మీ అవ్వ వంటింట్లో నుంచి పిలిస్తే నేను పలకకపోవడానికి కారణం ఇదే.

మీ ఆటలన్నీ అబద్ధాలని నేను అనడం లేదు. నేను పక్కన కూర్చొని గమనించాను. దూరంగా ఉన్నవాడిని కొట్టాలంటే మీరు గురిని కొంచెం పైకి పెట్టారు. అది సరైనదే. మూడు వందల మీటర్లు పోవడానికి గుండుకు దాదాపు అర సెకను పడుతుంది, ఆ అర సెకనులో భూమి దానిని ఒక మీటరుకు పైగా కిందికి లాగుతుంది. ఈ లెక్క తెలిసి ఆట తయారు చేసినవాళ్లను మెచ్చుకోవాలి. అయితే గురి చూడడంలోని అసలు కష్టం తెర మీద కనిపించదు. తుపాకికి వెనుక ఒక సైటు, ముందు ఒక సైటు, ఎదురుగా టార్గెట్టు, ఈ మూడూ ఒకే వరుసలో కనబడాలి. మన కంటికి మూడు దూరాలను ఒకేసారి స్పష్టంగా చూసే శక్తి లేదు. ముందు సైటునే స్పష్టంగా చూడాలని, టార్గెట్టు మసకగా ఉంటే ఉండనివ్వాలని మా హవల్దారు వందసార్లు చెప్పినా, మనసు టార్గెట్టు వైపే పరుగెత్తేది. ఆ ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే నూరు మీటర్ల దూరంలో గుండు జానెడు తప్పిపోతుంది. ఊపిరి తీస్తే గొట్టం కదులుతుంది, వదిలితే కదులుతుంది, ఊపిరి బిగబట్టినా గుండె కొట్టుకున్నప్పుడల్లా సన్నగా కదులుతూనే ఉంటుంది. ట్రిగ్గరును లాగకూడదు, నిమ్మకాయను పిండినట్లు మెల్లగా నొక్కుతూ పోవాలి. ఎప్పుడు పేలిందో పేల్చినవాడికే తెలియనంత మెల్లగా నొక్కాలి. నా మూడో తూటా కాగితానికి కూడా తగలలేదు. దెబ్బ తగులుతుందన్న భయంతో వేలు ముందే గుంజింది.

ఈ విద్యలో పైకి ఎదిగినవాళ్లు మన పక్కనే ఉన్నారు. హైదరాబాదు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాడు. ఆ పోటీలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. అంటే అది సూదితో పొడిచినంత ఉంటుంది. పిస్టలు కాల్చే ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఏషియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది, అప్పటికి ఆ అమ్మాయి వయసు 18. మీలో పెద్దదానికన్నా రెండేళ్లే ఎక్కువ. పది మీటర్ల ఎయిర్ పిస్టల్ అర్హత పోటీలో అరవై గుండ్లు కాల్చడానికి 75 నిమిషాల గడువు ఇస్తారు. మీ ఏకేఎం నిమిషానికి ఆరు వందల లెక్కన పేలుతుంది కనుక అరవై గుండ్లు ఆరు సెకన్లలో అయిపోతాయి. ఆ 75 నిమిషాల్లో పిస్టలు ఎత్తి, గురి నచ్చక, కాల్చకుండానే మళ్లీ దించే సందర్భాలు ఎన్నో ఉంటాయి. పిల్లలూ, గురిలో మనసు పెట్టాలన్న ఆసక్తి మీకు ఉంటే ఆ దారి ఉంది, దానికి నేను అడ్డు చెప్పను, రేంజి దాకా వెంట కూడా వస్తాను.

ఆటలో అసలే కనిపించని పనులు మరికొన్ని ఉన్నాయి. మీరు ఒక బటను నొక్కగానే మ్యాగజైను నిండుతుంది. మేము ఒక్కొక్క తూటాను బొటనవేలితో నొక్కి స్ప్రింగుకు ఎదురు తోయవలసి వచ్చేది. పేల్చడం అయిన తరువాత గొట్టంలోకి పుల్‌త్రూ తాడు దించి, దానికి చింది గుడ్డ కట్టి, తెల్లగుడ్డ తెల్లగానే బయటికి వచ్చే దాకా లాగాలి. ఐదు తూటాలు పేల్చడానికి నాకు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు, తుపాకి శుభ్రం చేయడానికి గంట పట్టింది. మా నాయన పడుచుతనంలో, అంటే ఈ నల్లగొండ పల్లెల్లో నిజాం కాలపు సాయుధ పోరాటం సాగిన రోజుల్లో, జనం చేతుల్లో వడిసెలలు, రోకళ్లతో పాటు కొన్ని భర్మార్లు ఉండేవి. గొట్టం నోట్లో నుంచి మందు పోసి, గుడ్డ కుక్కి, రవ్వలు వేసి, మళ్లీ కడ్డీతో కూరితే తప్ప అది పేలేది కాదు. ఒకసారి పేలిందంటే మళ్లీ సిద్ధమయ్యే లోపల ఎదుటివాడు ఏమైనా చేయవచ్చునని నాయన చెబుతుండేవాడు.

బట్ డ్యూటీ అని ఒకటి ఉంటుంది. టార్గెట్ల కింద తవ్విన కందకంలో కూర్చొని, పైన కాగితం మీద పడిన రంధ్రాలను గుర్తించి చెప్పే పని అది. నలభై మందిలో ఆ పని మొదట నా వంతు వచ్చింది. అక్కడ కూర్చున్నవాడికి ముందు తల మీద కొరడా ఝళిపించినట్లు "చట్" మని వినబడుతుంది, ఆ తరువాత దూరంగా తుపాకి పేలిన "ధడ్" వినబడుతుంది. గుండు చప్పుడు కన్నా రెండింతల వేగంతో వస్తుంది కాబట్టి అది మనల్ని దాటిపోయాకనే తుపాకి చప్పుడు మనకు చేరుతుంది. తగిలినవాడికి అది వినబడదన్నమాట. ఈ సంగతి నాకు పుస్తకంలో చదివినప్పుడు తెలియలేదు. ఆ కందకంలో మోకాళ్లు ముడుచుకొని కూర్చున్నప్పుడు తెలిసింది. ఆ తరువాత తుపాకి పట్టుకున్నప్పుడు నా చేతులు ఇంకా జాగ్రత్తపడ్డాయి.

మీ ఆటలో దెబ్బ తగిలినవాడు ఒక మూల కూర్చొని కట్టు కట్టుకుంటే కొన్ని సెకన్లలో లేచి పరుగెత్తుతాడు. మన పక్క ఊరిలో సైన్యంలో పని చేసి వచ్చిన ఒక పెద్దమనిషి ఉన్నాడు, మీరంతా ఆయనను చూశారు. వేగంగా పోయే గుండు ఒంట్లో తాను పోయిన దారినే కాక చుట్టుపక్కల కండను కూడా చీల్చుకుంటూ, నెట్టుకుంటూ పోతుంది. ఆయన తొడలో అటువంటి గాయమైంది. మానడానికి ఆరు నెలలు పట్టింది, పూర్తిగా మాత్రం మానలేదు. నలభై ఏళ్లు దాటినా ముసురు పట్టిన నాడు ఆ కాలు నేల మీద ఆనదు. తనకు తగిలిన గుండు గురించి ఆయన నాతో రెండుసార్లు మాత్రమే మాట్లాడాడు.

సూర్యాపేటకు పోయినప్పుడు కల్నల్ సంతోష్ బాబు విగ్రహం దగ్గర మీరు ఫొటో దిగారు కదా. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో ఆయనతో పాటు మొత్తం ఇరవై మంది మన సైనికులు చనిపోయారు. ఆ తరువాత ఆయనకు మహావీర్ చక్ర ఇచ్చారు. ఆ రాత్రి అక్కడ తుపాకులు పేలలేదు. సరిహద్దులో వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపరాదని 1996లో మన దేశం, చైనా ఒప్పందం చేసుకున్నాయి. మనవాళ్ల వెంట ఆయుధాలు ఉన్నాయని, ఒప్పందాల ప్రకారం వాటిని వాడలేదని తరువాత విదేశాంగ మంత్రి చెప్పారు. రాళ్లతో, ఇనుప కడ్డీలతో ప్రాణాల మీదికి వచ్చిన రాత్రి కూడా, ఏళ్ల తరబడి తుపాకి శిక్షణ పొందిన మనుషులు దానిని పేల్చలేదు. ఆ విగ్రహం ముందు నిలబడినప్పుడల్లా నాకు ఇదే గుర్తుకు వస్తుంది, మనసు బరువెక్కుతుంది.

ఇక ఆ రోజు సాయంత్రం సంగతి. నలభై మందిమి, మనిషికి ఐదు, మొత్తం రెండు వందల తూటాలు పేల్చాం. పేలిన ప్రతి తూటా ఖాళీ గొట్టాన్ని ఖోకా అంటారు, అది లెక్క అప్పజెప్పాలి. హవల్దారు లెక్కపెట్టాడు, నూట తొంభై తొమ్మిది వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టాడు, అంతే వచ్చాయి. ఆయన ఎవరినీ కోప్పడలేదు. అందరినీ వరుసగా మోకాళ్ల మీద కూర్చోబెట్టి, ఎండిన గడ్డిని వేళ్లతో దువ్వుకుంటూ ముందుకు పొమ్మన్నాడు. వేలెడంత కూడా వదలకుండా ఆ గుట్ట కింది నేలనంతా రెండుసార్లు వెతికాం. పొద్దు గుట్ట వెనక్కి దిగింది, లారీ డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. కాల్పులు జరుగుతున్నాయని తెలిపే ఎర్ర జెండా దించలేదు, మాకు నీళ్లు ఇచ్చారు కానీ అన్నం పెట్టలేదు. చివరకు ఒకడు చెమట తుడుచుకుందామని మడిచిన చొక్కా చేతిని విప్పితే, ఆ మడతలో నుంచి ఇత్తడి ఖోకా జారి రాయి మీద ఠంగుమని పడింది. పక్కవాడి తుపాకి నుంచి ఎగిరి వచ్చి అందులో పడి ఉంటుంది. హవల్దారు దానిని తీసి, మట్టి తుడిచి, పెట్టెలో వేసి, రిజిస్టరు తెరిచి, దీపం వెలుతురులో "రెండు వందలు" అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి, కింద సంతకం చేసి, అప్పుడు జెండా దించమన్నాడు.

నా టార్గెట్టు కాగితం ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో ఉంది. ఎండాకాలం సెలవులకు వచ్చినప్పుడు చూపిస్తాను. దాని మీద నాలుగు రంధ్రాలే ఉంటాయి.

మీ తాత