నిద్ర లేకపోవడం వేరు, నిద్ర పట్టకపోవడం వేరు

"కాన్పు అయి రెండు నెలలు. రాత్రిళ్లు నిద్ర లేదు, ఊరికే ఏడుపొస్తోంది. ఇది అలసటా, డిప్రెషనా? కౌన్సెలింగ్‌కి వెళ్లాలా?" బాలింతలు తరచుగా అడిగే ఈ ప్రశ్నలో 'నిద్ర లేదు' అన్న మాట దగ్గరే ఆగి చూడాలి. బిడ్డ రెండు గంటలకోసారి లేపుతుంటే నిద్ర లేదు. కానీ ఎవరైనా బిడ్డని ఎత్తుకుంటే ఆ తల్లి పక్క మీద వాలగానే కన్ను మూస్తుంది. అది అలసట. బిడ్డ హాయిగా పడుకుంది, ఇల్లు సద్దుమణిగింది, ఒళ్లు పులిసిపోయి ఉంది, అయినా రెప్ప వాలదు. అది నిద్ర పట్టకపోవడం. దీని సంగతి డాక్టరుకో కౌన్సెలర్‌కో చెప్పి తీరాలి.

ఈ తేడాని ప్రశ్నల్లోకి ఎక్కించినవారు బ్రిటన్ పరిశోధకులు కాక్స్, హోల్డెన్, సాగోవ్‌స్కీ. ప్రసవానంతర డిప్రెషన్‌ని పసిగట్టడానికి 1987లో వీరు ప్రచురించిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో ఉన్నవి పదే ప్రశ్నలు. గడిచిన 7 రోజుల గురించే అడుగుతాయి. మామూలు డిప్రెషన్ ప్రశ్నావళులు అలసట, ఆకలి, నిద్ర గురించి నేరుగా అడుగుతాయి కాబట్టి వాటిలో ఆరోగ్యంగా ఉన్న బాలింతకీ మార్కులు పడతాయి. ఎడిన్‌బరో వారు శరీరం సంగతులు దాదాపు అన్నీ తీసేసి నిద్రని మాత్రం ఏడో ప్రశ్నలో ఉంచారు. అక్కడ అడిగేది 'నిద్ర లేదా?' అని కాదు, 'నిద్ర పట్టనంత దిగులుగా ఉందా?' అని. కారణాన్ని ప్రశ్నలోనే కట్టేశారు. నా దృష్టిలో మొత్తం ప్రశ్నావళికి ప్రాణం ఈ ఒక్క వాక్యం.

సొంతంగా లెక్కేసుకునేవారు పొరబడేది మార్కుల దగ్గర. ఒకటి, రెండు, నాలుగు ప్రశ్నలకి జవాబుల మార్కులు పైనుంచి కిందికి 0, 1, 2, 3. మిగతా ఏడింటికి 3, 2, 1, 0. మొత్తం 30. డిప్రెషన్ ఉండొచ్చని అనుమానించడానికి మొదట పెట్టిన గీత 13. తర్వాతి పరిశీలనల్లో 11 దగ్గర గీస్తే తప్పిపోయేవారు తగ్గుతారని తేలింది. 10 నుంచి 12 మధ్య వస్తే రెండు వారాలకి మళ్లీ నింపాలి. పదో ప్రశ్న తనకి తాను హాని చేసుకునే ఆలోచనల గురించి. దానికి సున్నా కాక ఏది వచ్చినా మొత్తంతో పనిలేదు, ఆ రోజే డాక్టరుకి చెప్పాలి. ఇంకో సంగతి, ఈ కాగితం తల్లి ఒంటరిగా కూర్చుని నింపాలి. భర్తో అత్తగారో పక్కన ఉంటే మార్కులు తగ్గిపోతాయి, జబ్బు తగ్గదు.

నిద్రలో మూడో రకం కూడా ఉంది. రెండు గంటలే పడుకున్నా అలసట తెలియదు, మాట ఆగదు, మనసు పరుగులు పెడుతుంది. దీనికి తోడు లేని గొంతులు వినిపించినా, బిడ్డ గురించి వింత నమ్మకాలు మొదలైనా అది ప్రసవానంతర సైకోసిస్ కావచ్చు. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి వస్తుంది. దానికి కౌన్సెలింగ్ అపాయింట్‌మెంట్ కాదు, ఎమర్జెన్సీ వార్డు కావాలి. కాన్పయిన మూడో రోజు మొదలై రెండు వారాల్లో పోయే కన్నీళ్లకి మాత్రం తోడు చాలు.

అంత అలసిన ఒంటికి నిద్ర ఎందుకు పట్టదు? గర్భంలో ప్రొజెస్టిరోన్ హార్మోన్ నుంచి తయారయ్యే అలోప్రెగ్ననలోన్ అనే పదార్థం మెదడుని శాంతపరిచే గాబా-ఎ గ్రాహకాల మీద పనిచేస్తుంది. చాలా నిద్రమాత్రలు పట్టుకునేదీ ఈ గ్రాహకాలనే. మాయ బయటపడ్డాక కొద్ది రోజుల్లోనే ఆ పదార్థం పడిపోతుంది. 2000లో వెలువడిన అధ్యయనంలో మికీ బ్లోక్ అనే పరిశోధకుడి బృందం గర్భం నాటి స్థితిని పోలేలా 16 మంది స్త్రీలకి హార్మోన్లు ఇచ్చి ఒక్కసారిగా ఆపేసింది. పూర్వం ప్రసవానంతర డిప్రెషన్ వచ్చిన 8 మందిలో 5గురు కుంగిపోయారు. రానివాళ్లు 8 మందిలో ఒక్కరూ కుంగలేదు. ఒకప్పుడు యూరప్ వైద్యులు పాలు తలకెక్కి మతి చెడుతుందనుకునేవారు. 'మనసు గట్టిగా లేదు' అనే ఇప్పటి మాట కూడా ఆ కోవలోదే.

హార్మోన్ల గొడవకి మాటలేం చేస్తాయంటారా? 1989లో అదే ఎడిన్‌బరోలో శిక్షణ పొందిన హెల్త్ విజిటర్లు (ఇళ్లకి వచ్చే నర్సులు) వారానికోసారి, కనీసం అరగంట చొప్పున, ఎనిమిది వారాలు తల్లుల మాట విన్నారు. ఆ తల్లుల్లో 69 శాతం కోలుకున్నారు, మామూలు సంరక్షణలో ఉన్నవారిలో 38 శాతమే. 2008లో వెలువడిన రావల్పిండి అధ్యయనంలో గ్రామీణ ఆరోగ్య కార్యకర్తలే కౌన్సెలింగ్ చేశారు. ఆరు నెలలకి డిప్రెషన్‌లో ఉన్నవారు 23 శాతం, చేయని చోట 53 శాతం.

మొదటి సిటింగ్‌కి మూడు రోజుల నిద్ర లెక్క రాసుకెళ్లండి: బిడ్డ ఎప్పుడు పడుకుంది, మీరు ఎప్పుడు పడుకున్నారు, ఆ మధ్య వేళ మనసులో ఏం తిరిగింది. దాంతోపాటు వాడుతున్న మందులు, పాత డిప్రెషన్, ఇంట్లో ఎవరికైనా బైపోలార్ (మనసు అతి ఉత్సాహానికీ కుంగుబాటుకీ మధ్య ఊగే జబ్బు) ఉంటే ఆ సంగతి. థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు ముందే చేయించుకోండి. వాటిలో తేడాలు డిప్రెషన్ వేషం వేస్తాయి. మంచి కౌన్సెలర్ ఉపన్యాసం ఇవ్వరు. రాత్రి ఒక పూట బిడ్డని ఎవరు చూస్తారో పేరుతో సహా తేల్చి, మీకు నాలుగైదు గంటల ఏకబిగి నిద్ర కుదురుస్తారు. ఆ పూట కూడా కన్ను మూతపడకపోతే అదే వాళ్లకి కావలసిన సమాచారం. తర్వాత రోజుకో చిన్న పని, భర్తని సాయం అడగాల్సిన మాటల సాధన, 'నేను చెడ్డ తల్లిని' అనే మాటకి సాక్ష్యాల వెతుకులాట.

ఎక్కువమంది దాచేది ఒకటుంది: బిడ్డకి ఏదో చేసేస్తానేమోనన్న ఆలోచన. ఇలాంటి అక్కర్లేని ఆలోచనలు చాలామంది కొత్త తల్లులకి వస్తాయి. అది తలుచుకుని హడలిపోతున్నారంటే సాధారణంగా అది సైకోసిస్ కాదు. అది దాచినంతకాలం కౌన్సెలింగ్ పక్కదారిలో నడుస్తుంది. జబ్బు తీవ్రంగా ఉంటే మాటలతో పాటు మందులూ కావాలి. పాలిచ్చే తల్లికి సర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మందులు ఇస్తారు, పాలలోకి చేరేది చాలా తక్కువ.

నాలుగు నుంచి ఆరు వారాలకి ఆ పది ప్రశ్నలు మళ్లీ నింపించాలి. మార్కులు కనీసం నాలుగు తగ్గితేనే నిజంగా తగ్గినట్టు. అంతకంటే తక్కువైతే కౌన్సెలర్‌నో పద్ధతినో మార్చమని, లేదా సైకియాట్రిస్ట్‌ని కలపమని అడగండి.