“పంచాయతీ అప్రూవల్ ఉంది” అంటే సరిపోతుందా? లేఅవుట్లు, ఫీజులపై అపోహలు - వాస్తవాలు

కర్నూలు చుట్టుపక్కల లేఅవుట్ ప్లాన్లు గీసి, అనుమతులకు పెట్టడం నా పని. నంద్యాల రోడ్డు వైపో, బళ్లారి రోడ్డు వైపో స్థలం కొనాలనుకునేవాళ్లు అడిగేవి మూడే ప్రశ్నలు. అనుమతి ఎవరిస్తారు? డబ్బు ఎవరికి పోతుంది? రోడ్డు ఎవరు వేయాలి? మూడింటికీ ఒకే ఆఫీసు జవాబు చెబుతుందనుకుని చాలామంది నష్టపోతున్నారు.

అపోహ: సర్పంచ్, కార్యదర్శి సంతకాలున్నాయి కాబట్టి వెంచర్‌కు అనుమతి ఉన్నట్టే.

వాస్తవం: ఇల్లు కట్టుకోవడం వేరు, పొలాన్ని ప్లాట్లుగా విడగొట్టడం వేరు. స్థలం 300 చదరపు మీటర్లు, అంటే సుమారు ఏడున్నర సెంట్లు, ఎత్తు 10 మీటర్లు దాటని ఇంటికి పంచాయతీయే అనుమతి ఇస్తుంది. లేఅవుట్‌కు మాత్రం ముందు సాంకేతిక ఆమోదం కావాలి. కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ, అంటే మనం కుడా అనేది, దాని పరిధిలో ఉంటే అక్కడ, లేకపోతే టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ శాఖ దగ్గర తీసుకోవాలి. ఆ తర్వాతే పంచాయతీ ప్లాన్ విడుదల చేయాలి. బ్రోచర్ మీద “పంచాయతీ అప్రూవ్డ్” అని మాత్రమే ఉంటే, సాంకేతిక ఆమోదం నంబరు అడగండి. అది చూపించకుండా మాట దాటేస్తే అడ్వాన్సు ఇవ్వకండి. రిజిస్ట్రేషన్ అయింది కదా అని ధైర్యపడకండి. రిజిస్ట్రేషన్ స్థలం చేతులు మారిందని చెప్పే కాగితం, అంతే. లేఅవుట్‌కు అనుమతి ఉందని చెప్పదు.

అపోహ: కుడా ఉన్నది డబ్బు వసూలుకే. ఊరి ప్లాన్ ఊరే వేసుకోవచ్చు.

వాస్తవం: ఈ మాట అనేవాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. కానీ వంకకు, అంటే వాగుకు, ఊరి పొలిమేర తెలియదు. 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి కర్నూలు మునిగిన సంగతి ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. అనంతపురంలో 2022 అక్టోబరులో నడిమివంక పొంగి కాలనీల మీద పడింది. ఎగువ ఊళ్లో వంక పోరంబోకును పూడ్చి ప్లాట్లు వేస్తే మునిగేది దిగువ ఊరు. ఎగువ ఊరి పంచాయతీ తీర్మానం దిగువ ఊరిని కాపాడలేదు. రోడ్డు సంగతీ అంతే. ఒక ఊళ్లో 60 అడుగులు వదిలి, పక్క ఊళ్లో 30 అడుగులకు కుదిస్తే ఆ రోడ్డు ఎందుకూ పనికిరాదు. ఓర్వకల్లులో విమానాశ్రయం, పరిశ్రమలు వచ్చాక దారిలో ఉన్న ఊళ్లన్నిటినీ కలిపి చూసే నక్షా ఒకటి తప్పనిసరి. అందుకే మాస్టర్ ప్లాన్‌లో భూమి వాడకాన్ని మార్చే జోన్ మార్పు లాంటివి పంచాయతీ తీర్మానంతో కావు, ప్రభుత్వం జీవో ఇవ్వాలి. ఈ ఏర్పాటు సరైందేనని నా అభిప్రాయం.

సరైంది కానిది మరొకటి ఉంది. పట్టణాభివృద్ధి సంస్థల 2016 చట్టం కింద కుడా లాంటి సంస్థల్ని నడిపేది ప్రభుత్వం నియమించినవాళ్లు. పొలం ఏ ఊరిదో ఆ ఊరి మనిషికి అక్కడ ఓటు లేదు. రాజ్యాంగంలోని 243జెడ్‌డి అధికరణం జిల్లా ప్రణాళికా కమిటీ ఉండాలని, అందులో కనీసం ఐదింట నాలుగొంతుల మంది జిల్లా పరిషత్తు, పురపాలక సంఘాల సభ్యులు తమలోంచి ఎన్నుకున్నవాళ్లే కావాలని చెబుతోంది. మాస్టర్ ప్లాన్ ముసాయిదా ముందు ఆ కమిటీలో చర్చకు రావాలని నేను గట్టిగా కోరుకుంటాను.

అపోహ: టౌన్ ప్లానింగ్‌ను రాజ్యాంగమే స్థానిక సంస్థలకు రాసిచ్చింది.

వాస్తవం: సగం నిజం. పట్టణాల కోసం చేర్చిన 12వ షెడ్యూలులో 18 అంశాలుంటే, మొదటిదే పట్టణ ప్రణాళిక, రెండోది భూ వినియోగ నియంత్రణ. పంచాయతీల 11వ షెడ్యూలులో 29 అంశాలున్నా ఈ రెండూ లేవు. పట్టణాలకైనా ఎంత అధికారం ఇవ్వాలన్నది రాష్ట్ర శాసనసభ చేతిలోనే ఉంది.

అపోహ: నాలా కట్టేశాం, ఇక ఏ ఫీజూ ఉండదు.

వాస్తవం: నాలా అనేది 2006 చట్టం కింద సాగు భూమిని సాగేతర భూమిగా మార్చినందుకు రెవెన్యూ శాఖకు కట్టిన రుసుము. రోడ్డుకు, కాలువకు, పార్కుకు దానితో సంబంధం లేదు. 2025లో ఆ చట్టాన్నే రద్దు చేశారు. పాత నాలా కాగితం చూపించి లేఅవుట్ అయిపోయిందంటే నమ్మొద్దు.

అపోహ: డెవలప్‌మెంట్ చార్జీలు కట్టాం కాబట్టి లోపలి రోడ్లు కుడానో, పంచాయతీనో వేయాలి.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ గొడవలు ఇక్కడే. అభివృద్ధి రుసుము పట్టణాభివృద్ధి సంస్థకు చేరుతుంది, ఇంటి పర్మిట్ ఫీజు స్థానిక సంస్థకు. వెంచర్ లోపలి రోడ్లు, కాలువలు, కరెంటు స్తంభాలు మాత్రం వెంచర్ వేసినాయనే సొంత ఖర్చుతో పూర్తి చేయాలి. చేస్తాడన్న హామీగా ప్లాట్లలో 15 శాతం తనఖా పెట్టించుకుంటారు, పనులు ముగిశాక విడిపిస్తారు. తనఖాలో ఉన్న ప్లాటును తెలియక కొన్నవాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉన్నారు. ప్లాట్ నంబరు తనఖా జాబితాలో ఉందేమో చూడండి, ఈసీ, అంటే ఆ స్థలం మీద రిజిస్టరైన తనఖాలు, లావాదేవీలు చూపే ధ్రువపత్రం, తీయండి.

మరొకటి ఖాళీ స్థలం. లేఅవుట్‌లో కనీసం 10 శాతం వదలాలి. ఐదెకరాల వెంచరైతే 50 సెంట్లు. దాన్నీ, రోడ్లనూ గిఫ్ట్ డీడ్ రాసి పంచాయతీకి అప్పగించాలి. ఆ డీడ్ రిజిస్టర్ కాకపోతే, పదేళ్ల తర్వాత పార్కు స్థలంలో ఎవరో పునాది తీస్తుంటే ఆపడానికి పంచాయతీ చేతిలో కాగితం ఉండదు. కార్యదర్శిని నిలదీసి లాభం లేదు, ఆయన బీరువాలో అది లేనే లేదు.

ఊళ్లవాళ్ల న్యాయమైన ఫిర్యాదు ఒకటుంది. రుసుము పై సంస్థకు పోతుంది, చెత్త తీయడం, వీధి దీపం, తాగునీరు పంచాయతీ నెత్తిన పడతాయి. పొలాల మధ్య నలభై ఇళ్లు లేస్తే ట్యాంకర్ పంపాల్సింది సర్పంచే. ఏ ఊరి లేఅవుట్ల నుంచి ఎంత వచ్చింది, ఆ ఊళ్లో ఎంత ఖర్చయిందో ఏటా ఊరి వారీగా గ్రామసభ ముందు పెట్టాలి. అంతవరకూ సమాచార హక్కు చట్టం ఉంది. జిల్లా స్థాయి ఆఫీసుకైతే 10 రూపాయల ఫీజుతో అర్జీ పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. మీ గ్రామం పేరు, సర్వే నంబర్లు, ఆర్థిక సంవత్సరం స్పష్టంగా రాయండి. “అన్ని వివరాలూ ఇవ్వండి” అని రాస్తే జవాబు దాటవేయడం వాళ్లకు సులువవుతుంది.