రొయ్యల చెరువుకి ఊపిరాడని వేళ

భీమవరం నుంచి మొగల్తూరు వైపు అర్ధరాత్రి బండి మీద వెళ్తే రోడ్డుకి రెండు పక్కలా, చెరువు నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్ల చప్పుడే. కరెంటు పోయి ఆ చప్పుడు ఆగిందా, గట్ల మీద టార్చిలైట్లు పరుగెడతాయి. జనరేటర్ అందుకునేదాకా రైతుకి టెన్షనే.

పగలు ఎండలో ప్లాంక్టన్, అంటే నీటిలో తేలే కంటికి ఆనని నాచు, ఆక్సిజన్ తయారుచేస్తుంది. చీకటి పడ్డాక అదే ప్లాంక్టన్, రొయ్యలతోనూ అడుగు బురదలోని బ్యాక్టీరియాతోనూ పోటీపడి ఆక్సిజన్ పీల్చుకుంటుంది. 30 డిగ్రీల వేడిలో మంచినీళ్లు గాలి నుంచి కరిగించుకోగలిగేదే లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు. ఉప్పు నీళ్లలో ఇంకా తక్కువ. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ 3 కన్నా తగ్గితే రొయ్య మేత సరిగా తినదు. మరీ తగ్గితే పైకి తేలి గట్టు వారకు చేరుతుంది. అది కంటపడేసరికే ఆలస్యమైపోయినట్టు.

మధ్యాహ్నం బాధ వేరు. ప్లాంక్టన్ కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకోవడంతో పీహెచ్ (నీరు ఆమ్లమో క్షారమో చెప్పే కొలత) పెరుగుతుంది. మేతలోని నత్రజనిలో ఎక్కువ భాగం రొయ్య ఒంటికి పట్టదు, చివరికి అమ్మోనియాగా నీటిలో చేరుతుంది. పీహెచ్ 7.5 ఉంటే ఆ అమ్మోనియాలో విషంగా పనిచేసేది నూటికి రెండు మూడు పాళ్లే. 9కి చేరితే దాదాపు సగం! అమ్మోనియా కొత్తగా ఏమీ కలవకపోయినా, పొద్దున్న బాగున్న నీరే మధ్యాహ్నానికి మొప్పల్ని దెబ్బతీస్తుంది. పొద్దున్న ఒక్కసారి పీహెచ్ చూసి ఊరుకోవడం చాలా ప్రమాదమని నేననేది అందుకే. రెండు పూటలా చూడాలి. తేడా అర పాయింటు దాటుతోందంటే ముందు ఆల్కలినిటీ (పీహెచ్ మార్పుల్ని తట్టుకునే నీటి శక్తి) పరీక్ష చేయించాలి, మందుల షాపుకి ఆ తర్వాత వెళ్లొచ్చు.

డెల్టాలో ఇంకో చిక్కుంది. 2009లో దేశంలో వనామి రకం రొయ్య సాగుకు అనుమతి వచ్చాక సముద్రానికి దూరంగా, చప్పటి నీళ్లలోనూ పెంచుతున్నారు. వనామి తట్టుకుంటుంది, నిజమే. కానీ అమ్మోనియా నుంచి పుట్టే విషం నైట్రైట్, ఉప్పులోని క్లోరైడ్ మొప్పల్లోంచి లోపలికి వెళ్లే దారి ఒకటే. ఉప్పు నీటిలో క్లోరైడే ఆ దారిని నింపేస్తుంది. చప్పటి నీటిలో నైట్రైట్‌కు అడ్డే ఉండదు. అంతర్వేది తీరాన ఏమీ చేయని నైట్రైట్ రీడింగే, లోపలికున్న ‘ఉండి’ ఊరి వైపు చెరువులో రొయ్యల్ని చంపేయొచ్చు. గుల్ల విడిచాక కొత్త గుల్ల గట్టిపడటానికి కావలసిన కాల్షియం, మెగ్నీషియం కూడా అలాంటి నీటిలో చాలకపోవచ్చు.

ఇక ముసురు పట్టిన రోజు ఎండ ఉండదు కాబట్టి సాయంత్రానికే ఆక్సిజన్ నిల్వ తక్కువగా ఉంటుంది. అనుభవమున్న రైతు ఆ పూట మేత తగ్గిస్తాడు, పొద్దుగూకక ముందే జనరేటర్‌లో డీజిల్ నింపి పెట్టుకుంటాడు.