రివ్యూల గ్రూపులో రాజకీయం: అడ్మిన్ల మీద అపోహలు, అసలు సంగతులు

మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దు దగ్గరున్న చంద్రపూర్, బల్లార్పూర్, రాజురా చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ల కోసం నడుస్తున్న ఒక వాట్సాప్ రివ్యూల గ్రూపుకు నేను అడ్మిన్‌ని. ఏ హోటల్లో తినొచ్చు, ఏ మెకానిక్‌కు బండి అప్పగించొచ్చు, ఏ డాక్టరు పిల్లల్ని ఓపిగ్గా చూస్తారు, మహాకాళి జాతరకు వచ్చే చుట్టాలను ఏ లాడ్జిలో దింపాలి... ఇవే అక్కడి మాటలు. అందులోకి రాజకీయం చొరబడకుండా కాపలా కాయడమే నా పనిలో సగం. ఆ సగం గురించి జనం అనుకునేది చాలావరకు తప్పు.

అపోహ: అడ్మిన్ కావాలని మా పార్టీవాళ్ల మెసేజులే తీసేస్తాడు.

మా దగ్గర పార్టీల లెక్కే వేరు. 2023 నవంబర్ 30న తెలంగాణలో పోలింగ్. 2024 ఏప్రిల్ 19న మా చంద్రపూర్ లోక్‌సభకు. మే 13న అవతల ఆదిలాబాద్, పెద్దపల్లి. మళ్లీ నవంబర్ 20న మహారాష్ట్ర అసెంబ్లీ. మన వేలి మీద సిరా చెరిగిపోయినా అవతలి చుట్టాల ఎన్నిక మన ఫోన్లో నడుస్తూనే ఉంటుంది. రెండు రాష్ట్రాల పార్టీలన్నీ కలిపితే ఎవరు ఎవరి మనిషో గుర్తు పెట్టుకోవడానికే ఒక రిజిస్టర్ కావాలి. నాకంత తీరిక లేదు. నేను చూసేది ఒకటే: ఈ మెసేజ్ చదివినవాడు రేపు ఆ దుకాణానికి వెళ్లాలా వద్దా తేల్చుకోవడానికి ఇందులో ఏమన్నా దొరుకుతుందా? దొరికితే, రాసినవాడు ఏ జెండా మోసినా ఉంటుంది. దొరక్కపోతే, నేను ఓటేసిన నాయకుణ్ని పొగిడినా పోతుంది.

అపోహ: రాజకీయం వాసన తగిలితే చాలు, డిలీట్ కొట్టేయడమే.

అలా అయితే ఈ పని ఎవరైనా చేస్తారు. అసలు తలనొప్పి సగం సగం మెసేజులతోనే.

చంద్రపూర్ జిల్లాలో 2015 ఏప్రిల్ 1 నుంచి దారూబందీ, అంటే మద్యనిషేధం ఉండేది, 2021లో ఎత్తేశారు. పక్కనున్న గడ్చిరోలిలో 1993 నుంచీ నిషేధం ఉంది. అందుకే ఇక్కడ దాబా గురించి మాట్లాడితే మందు గురించి మాట్లాడక తప్పదు, మందు గురించి మాట్లాడితే సర్కారు రాక తప్పదు. ఒకాయన రాసిన రివ్యూ చూడండి: "పప్పు, జొన్న రొట్టె బాగున్నాయి. కానీ దారూబందీ ఎత్తేసిన కాడి నుంచి సాయంత్రం ఏడు దాటితే అన్ని టేబుళ్ల మీదా సీసాలే. ఆడవాళ్లతో, పిల్లలతో పోవద్దు. ఇదంతా ఆ నాయకుడు పైసల కోసం చేసిన నిర్వాకం."

మొదటి మూడు వాక్యాలు బంగారం. కుటుంబంతో బయల్దేరేవాడికి అంతకన్నా పనికొచ్చే మాట లేదు. దారూబందీ అన్న మాట ఉంది కదా అని దాన్ని కొట్టేస్తే ఆ పాపం నాదే. చివరి వాక్యం మాత్రం దాబా గురించి ఏమీ చెప్పదు. వేరేవాళ్ల మెసేజ్‌ను అడ్మిన్ సరిదిద్దలేడు, తీయడమో ఉంచడమో అంతే. రాసినవాడికి కూడా ఎడిట్ చేసుకునే వీలు పదిహేను నిమిషాలే. కాబట్టి ముందు విడిగా మెసేజ్ పెడతాను: "అన్నా, రివ్యూ మస్తుంది. ఆఖరి లైను ఒక్కటి తీసి మళ్లీ పెట్టు. లేకుంటే కింద అందరూ ఆ లైను మీదే పడతారు, దాబా సంగతి ఎవరూ చదవరు." దీనికి చాలామంది ఒప్పుకుంటారు. తను రాసింది నలుగురూ చదవాలన్న కోరిక పార్టీ మీది కోపం కంటే గట్టిది.

రేషన్ షాపు రివ్యూలు ఇంకా చిక్కు. జివతి తాలూకాలో కొండమీది కొన్ని ఊళ్లను మావంటే మావని మహారాష్ట్ర, తెలంగాణ రెండూ అంటాయి. అక్కడ చాలామందికి రెండు వైపులా ఓటు, రెండు వైపులా రేషన్ కార్డు. "ఈ షాపులో తూకం తక్కువ, అటు షాపులో సరిగ్గా ఇస్తున్నారు" అని ఎవరన్నా రాస్తే చూడ్డానికి ఒక సర్కారును పొగిడి ఇంకోదాన్ని తిట్టినట్టే ఉంటుంది. ఉండనీ. అది తూకం గురించి. "అందుకే మనం ఆ రాష్ట్రంలో కలవాలి" అన్నప్పుడు మాత్రం తీస్తాను. ఆ కోరిక తప్పని కాదు, బియ్యం ఎక్కడ సరిగ్గా తూస్తారో తెలుసుకోవడానికి వచ్చినవాడికి అది అక్కర్లేదు.

అపోహ: నాలుగు మాటలు నిషేధిస్తే సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది.

గ్రూపులో ఒక కుర్రాడు ఉత్సాహంగా జాబితా కూడా తయారు చేసి ఇచ్చాడు: చెయ్యి, కారు, కమలం, గడియారం, విల్లు-బాణం, మశాల్, రైలింజను. అన్నీ రెండు రాష్ట్రాల పార్టీల ఎన్నికల గుర్తులే. ఇప్పుడు దీన్ని మా రివ్యూల మీద పెట్టి చూడండి. "కారు పెట్టడానికి చోటు లేదు" పోయింది. "చెయ్యి కడుక్కునే కాడ నీళ్లు రావు" పోయింది. గడియారం రిపేరు దుకాణం పూర్తిగా మాయం. పోనీ తిట్లన్నా ఆగుతాయా అంటే, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, మధ్యలో మరాఠీ కలిపి, నాయకుడికి పెట్టిన ఎగతాళి పేరుతో తిడితే దాన్ని ఏ జాబితా పట్టుకుంటుంది? మనిషి చదవాల్సిందే.

అపోహ: తీసేయడం భావ ప్రకటనా స్వేచ్ఛకు భంగం. ఉంచితే అడ్మిన్ జైలుకు.

ఈ రెండూ ఒకే మనిషి నోట ఒకే వారంలో విన్నాను. రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం హామీ ఇచ్చేది ప్రభుత్వం నోరు నొక్కకుండా. మెకానిక్ గురించి మాట్లాడుకునే చోట ఎన్నికల పాట ఆపినంత మాత్రాన ఎవరి హక్కూ పోదు, అదే మాట తన స్టేటస్‌లో నిక్షేపంగా పెట్టుకోవచ్చు.

జైలు భయం గురించి మన దగ్గరి కేసే ఉంది. గోండియా జిల్లాలో ఒక సభ్యుడు గ్రూపులో ఒక మహిళను అసభ్యంగా తిడితే, అతన్ని తొలగించలేదని అడ్మిన్ మీద కూడా కేసు పెట్టారు. 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ అడ్మిన్ మీది కేసు కొట్టేసింది. ఇద్దరికీ ఉమ్మడి ఉద్దేశం ఉందనో, ముందే అనుకుని చేశారనో తేలితే తప్ప సభ్యుడు పెట్టిన పోస్టుకు అడ్మిన్ బాధ్యుడు కాడని చెప్పింది. అలాగని అడ్మిన్లకు అన్నీ మాఫీ అనుకోవద్దు. అడ్మిన్ స్వయంగా ఫార్వర్డ్ చేసింది అతని ఖాతాలోనే పడుతుంది. ఇక గ్రూపులో బెదిరించేవాళ్లు ఇప్పటికీ చెప్పే ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది.

అపోహ: అంతమంది చెడ్డగా రాశారంటే ఏదో ఉండే ఉంటుంది.

2015 నవంబర్‌లో ఆమిర్ ఖాన్ అసహనం గురించి మాట్లాడితే, ఆయన ప్రకటనల్లో కనిపించే స్నాప్‌డీల్ యాప్‌కు జనం ఒక్క స్టార్ చొప్పున కొట్టారు. 2017 ఏప్రిల్‌లో స్నాప్‌చాట్ అధిపతి మన దేశాన్ని పేద దేశమన్నాడని ఆరోపణ వచ్చింది, కంపెనీ కాదంది. ఆ కోపంలో పేర్లు దగ్గరగా ఉన్నాయని కొందరు మళ్లీ స్నాప్‌డీల్ మీదే పడ్డారు. కొన్న వస్తువు గురించి అందులో ఒక్క ముక్క లేదు.

మా దగ్గర ఇదే చిన్న సైజులో జరుగుతుంది. ఒక టిఫిన్ సెంటర్ ఓనరు ఎవరి సభలోనో వేదిక మీద ఉన్న ఫోటో బయటికొచ్చింది. సాయంత్రానికల్లా ఎన్నడూ నోరెత్తని సభ్యులు సాంబారులో పురుగులొచ్చాయని మొదలెట్టారు. ఇలాంటప్పుడు వాదించను, అడుగుతాను: ఎప్పుడు వెళ్లారు, ఏం తిన్నారు, బిల్లు ఎంతయింది? మంగళవారం పొద్దున మసాలా దోశ తిన్నానన్న పెద్దమనిషికి ఆ సెంటర్ మంగళవారం తెరవదని తెలియదు. జవాబిచ్చినవాళ్లవి ఉంచి, మిగతావి తీసి, ఆ సెంటర్ గురించి కొత్త రివ్యూలు కొన్నాళ్లు ఆపేశాం. తిట్ల కంటే పొగడ్తలను పట్టుకోవడం కష్టం. పార్టీవాళ్లంతా వచ్చి "మనోడి హోటల్, సూపర్" అంటే ఎవరికీ కోపం రాదు, నాకు ఫిర్యాదూ రాదు. మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2022లో ఆన్‌లైన్ రివ్యూల కోసం ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. పాటించడం స్వచ్ఛందమే అయినా, డబ్బిచ్చి రాయించిన రివ్యూలను ప్రచురించకూడదన్న నియమం మాలాంటి చిన్న గ్రూపుకూ పనికొస్తుంది.

బోర్డుల గొడవ కూడా ఇందులోదే. దుకాణం బోర్డు మీద తెలుగెందుకు లేదని ఒకరు, ఎందుకుండాలని ఇంకొకరు. 2022 సవరణ తర్వాత మహారాష్ట్రలో చిన్న దుకాణాలు సహా అన్నిటికీ మరాఠీ బోర్డు తప్పనిసరి. వేరే భాష పెట్టుకోవచ్చు గానీ దాని అక్షరాలు మరాఠీ కంటే పెద్దగా ఉండకూడదు. ఈ సంగతి ఒక లైనులో పెట్టి చర్చ మూసేస్తాను.

అపోహ: ఎన్నికల వారమంతా గ్రూపుకు తాళం వేస్తే పీడా పోతుంది.

పోలింగ్ ముందు రోజు రాత్రి కూడా పిల్లలకు జ్వరం వస్తుంది, బండి పంక్చరవుతుంది. అందుకని తాళం వేయను, మిగతా అడ్మిన్లతో వంతులేసుకుని కూర్చుంటాం. త్వరగా తీస్తే రగడ మొదలవ్వదు. ఇరవై మంది జవాబిచ్చాక తీస్తే స్క్రీన్‌షాట్లు వేరే గ్రూపుల్లో తిరుగుతాయి, "అడ్మిన్ డిలీట్ చేశాడు" అన్న గుర్తు చూసి ఏముందోనని అడిగేవాళ్లు ఎక్కువవుతారు. ఓట్ల లెక్కింపు రోజు ఒక్కటీ మినహాయింపు. ఆ పొద్దున ఎనిమిదింటికి "అడ్మిన్లు మాత్రమే" అన్న సెట్టింగ్ పెట్టి మర్నాడు తీస్తాను. మధ్యలో డాక్టరో మెకానిక్కో కావాల్సినవాళ్లు నేరుగా ఫోన్ చేయొచ్చు, అడ్మిన్ల నంబర్లు గ్రూపు వివరాల్లోనే ఉంటాయి.