గినీ పిగ్ పళ్ళు: కనిపించే నాలుగూ, కనిపించని పదహారూ

"డాక్టర్ గారూ, పళ్ళు బాగానే ఉన్నాయండీ, నేను చూశాను." తిండి మానేసిన గినీ పిగ్‌ను బుట్టలో పెట్టుకుని వచ్చేవాళ్ళు చాలామంది మొదట చెప్పే మాట ఇది. అబద్ధమేమీ కాదు. వాళ్ళు చూసిన పళ్ళు నిజంగానే బాగుంటాయి. గొడవంతా వాళ్ళకు కనపడని చోట ఉంటుంది.

కుందేళ్ళు, గినీ పిగ్‌ల లాంటి చిన్న జంతువులకు వైద్యం చేయడం నా పని. ఇంచుమించు రోజూ వినే కొన్ని అపోహల గురించి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ముందు పళ్ళు బాగుంటే పళ్ళ సమస్య లేనట్టే.

గినీ పిగ్‌కు మొత్తం 20 పళ్ళు. ముందు పైన రెండు, కింద రెండు. కోరపళ్ళు ఉండవు, ఆ చోటంతా ఖాళీ. ఆ ఖాళీ దాటాక పైనా కిందా, అటూ ఇటూ నాలుగేసి చొప్పున 16 దవడ పళ్ళు. పెదవి ఎత్తితే మీకు కనపడేది ఆ ముందు నాలుగే. నోరు బాగా ఇరుకు, పైగా బుగ్గల లోపలి మడతలు రెండు పక్కల నుంచీ వచ్చి దారి మూసేస్తాయి. మాకైనా లైటు, నోరు తెరిచి ఉంచే పరికరాలు, చాలాసార్లు మత్తు కూడా కావాల్సి వస్తుంది.

ఈ 20 పళ్ళూ బతికున్నన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. కింది దవడ పళ్ళు పుట్టుకతోనే నాలుక వైపు వాలి ఉంటాయి, పైవి బుగ్గ వైపు. సరిగా అరగకపోతే కింది పళ్ళు అటూ ఇటూ నుంచి లోపలికి పెరుగుతూ వచ్చి నాలుక పైన కలుసుకుంటాయి. కాలవ మీద వంతెన కట్టినట్టే. నాలుక దాని కింద చిక్కుకుపోతుంది. నాలుక కదలకపోతే ముద్దను గొంతులోకి నెట్టేదెవరు?

నేనూ ఈ పొరపాటు చేశాను. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో మూడేళ్ళ ఆడ గినీ పిగ్ ఒకటి వచ్చింది. ముందు పళ్ళు చూశాను, తెల్లగా, సమానంగా ఉన్నాయి. ఆకలికి మందు రాసి పంపించేశాను. ఐదో రోజు మళ్ళీ తెచ్చారు. చేతిలోకి తీసుకుంటే వెన్నెముక తగులుతోంది. మత్తిచ్చి చూస్తే వంతెన పూర్తిగా కట్టేసి ఉంది. అప్పటి నుంచి "ముందు పళ్ళు బాగున్నాయి" అన్న మాట వింటే నాకు ధీమా కాదు, టెన్షన్ మొదలవుతుంది. ఇంకో మాట: ముందు పళ్ళు పొడుగ్గా పెరిగినా, ఏటవాలుగా అరిగినా, చాలాసార్లు అసలు కారణం వెనకాలే దొరుకుతుంది.

అపోహ: తిండి దగ్గరికి ఉరికి వస్తోంది కదా, తింటున్నట్టే.

ఉరికి రావడం వేరు, మింగడం వేరు. దోసకాయ ముక్క పెట్టి పక్కనే కూర్చుని చూడండి. పళ్ళ నొప్పి ఉన్న గినీ పిగ్ ఆత్రంగా వస్తుంది, వాసన చూస్తుంది, ముక్క నోట కరుచుకుంటుంది. తల కొంచెం పక్కకు వంచి రెండు మూడుసార్లు దవడ ఆడిస్తుంది, తర్వాత వదిలేస్తుంది. మళ్ళీ తీసుకుంటుంది, మళ్ళీ వదిలేస్తుంది. కాసేపటికి ముక్క అంచులు నలిగి ఉంటాయి, ముక్క మాత్రం అలాగే ఉంటుంది. గడ్డం కింద బొచ్చు తడిసి అంటుకుపోయి ఉంటే అది తాగిన నీళ్ళ తడి అనుకోకండి, చొంగ కారుతోందేమో చూడండి. మొదట ఎండుగడ్డి మానేస్తుంది, తర్వాత పెల్లెట్లు (గుళికల్లా ఉండే రెడీమేడ్ దాణా), చివరికి మెత్తటి ఆకులు. ఆకులు తింటోంది కదా అని ఆగితే ఆలస్యమైనట్టే.

వేటాడే జంతువులకు ఆహారమయ్యే ప్రాణి ఇది. నొప్పిని బయటపెట్టదు. అందుకే గిన్నెనూ దాని ముఖాన్నీ నమ్మకండి, కాటాను నమ్మండి. గ్రాముల్లో చూపించే వంటింటి కాటా చాలు. పెద్దవి మామూలుగా 700 నుంచి 1,200 గ్రాముల దాకా ఉంటాయి. వారానికోసారి తూచి రాసుకోండి. మీ గినీ పిగ్ మామూలు బరువు కంటే 50 గ్రాములు తగ్గితే జాగ్రత్త పడండి, ఇంకా తగ్గుతూ పోతే ఫోన్ చేయండి. కాటాతో పాటు పెంటికలు కూడా చూడండి. అవి చిన్నవై, ఎండిపోయి, సంఖ్య తగ్గాయంటే లోపలికి వెళ్ళేదీ తగ్గిందనే అర్థం.

అపోహ: గట్టివి కొరికిస్తే పళ్ళు అరుగుతాయి.

కట్టెముక్క, క్యారెట్, గట్టి పెల్లెట్లు... ఇలా రకరకాలుగా పెడుతుంటారు. కొరకడం ముందు పళ్ళ పని. అవి ఒకదానికొకటి రాసుకునే చాలావరకు అరుగుతాయి. దవడ పళ్ళు అరగాలంటే నమలాలి, అదీ చాలాసేపు. పెల్లెట్ తినేటప్పుడు దవడ రోకలిలా పైకీ కిందికీ దంచుతుంది, అది రెండు దెబ్బలకే పిండి అయిపోతుంది. ఎండుగడ్డి నమిలేటప్పుడు దవడ తిరగలి అవుతుంది. ఆ రాపిడికి, గడ్డిలో సహజంగా ఉండే ఇసుకలాంటి సిలికా రేణువులకు పళ్ళు అరుగుతాయి. అందుకే తిండిలో ముప్పాతిక వంతుకు పైగా ఎండుగడ్డే ఉండాలి, రాత్రీ పగలూ అందుబాటులో ఉండాలి. పెద్దవాటికి తిమోతి లాంటి గడ్డి పెట్టండి. అల్ఫాల్ఫా (లూసర్న్) గడ్డిలో కాల్షియం ఎక్కువ కాబట్టి దాన్ని పిల్లలకు, చూలుతో ఉన్నవాటికి ఉంచండి. "మాది గడ్డి తినదండీ" అంటారు. గిన్నె నిండా పెల్లెట్లు పోస్తే ఎందుకు తింటుంది?

అపోహ: విటమిన్ సి చుక్కలు నీళ్ళలో కలుపుతున్నాం, అది చాలు.

కుందేలు తనకు కావలసిన విటమిన్ సి తానే తయారు చేసుకుంటుంది. గినీ పిగ్‌కు ఆ శక్తి లేదు, అచ్చం మనలాగే. లోపం వస్తే చిగుళ్ళు పాడవుతాయి, పళ్ళను పట్టి ఉంచే కణజాలం బలహీనమై పళ్ళు కదులుతాయి. కదిలిన పన్ను వంకరగా అరుగుతుంది. కీళ్ళు నొప్పి పుట్టి అసలు కదలడానికే ఇష్టపడదు. రోజుకు కిలో బరువుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి. నీళ్ళలో కలిపితే వెలుతురుకూ లోహానికీ అది త్వరగా చెడిపోతుంది, రుచి మారిందని నీళ్ళు తాగడమే తగ్గించే గినీ పిగ్‌లు కూడా ఉంటాయి. పెల్లెట్లలోనిది కూడా నిల్వ ఉన్నకొద్దీ తగ్గిపోతుంది. తయారై మూడు నెలలు దాటినవాటిని నేను లెక్కలోకే తీసుకోను. రోజూ క్యాప్సికమ్ ముక్క, కొత్తిమీర లాంటి తాజా ఆకులు పెట్టండి, అవసరమైతే మందు నేరుగా నోట్లో వేయండి.

అపోహ: ఒకరోజు పస్తుంటే అదే సర్దుకుంటుంది.

సర్దుకోదు. దీని పేగులు ఆగకుండా నడవాల్సిన యంత్రం. తిండి ఆగితే పేగుల కదలిక మందగిస్తుంది, గ్యాస్ పట్టేస్తుంది, కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. లావుగా ఉన్నవాటికీ, చూలువాటికీ ప్రమాదం ఇంకా ఎక్కువ. పన్నెండు గంటలుగా ఏమీ తినలేదంటే అది ఎమర్జెన్సీయే, రాత్రయినా సరే. పళ్ళ వల్ల మొదలైన సమస్య పేగుల వల్ల ప్రాణం తీస్తుంది.

డాక్టర్ చెప్పాక ఇంట్లో సిరంజితో తినిపించాల్సి రావచ్చు. పెల్లెట్లను నీళ్ళలో నానబెట్టి జావలా చేయండి. వెల్లకిలా పడుకోబెట్టకండి, నాలుగు కాళ్ళ మీదే ఉంచండి. సిరంజిని ముందు పళ్ళ వెనక ఉన్న ఖాళీలోంచి పక్కగా పెట్టి, అర మిల్లీలీటర్ వేసి, నమిలి మింగేదాకా ఆగండి. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొట్ట డోలులా ఉబ్బి ఉంటే మాత్రం ఏమీ పట్టకుండా తీసుకొచ్చేయండి.

అపోహ: పెరిగిన పళ్ళను నెయిల్ కట్టర్‌తో ఇంట్లోనే కత్తిరించొచ్చు.

వద్దు. పన్ను నిలువునా చీలుతుంది, ఆ చీలిక వేరు దాకా పోవచ్చు. మేము కత్తిరించం, బర్ అనే గుండ్రంగా తిరిగే చిన్న పరికరంతో అరగదీస్తాం.

అపోహ: నోట్లో పుండు కదా, ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ వేద్దాం.

ఇది చదివి ఒక్కరు ఆగినా నాకు చాలు. పెన్సిలిన్, అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండమైసిన్ లాంటివి నోటి ద్వారా ఇస్తే గినీ పిగ్ పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి, విషం పుట్టించేవి విజృంభిస్తాయి. కొద్ది రోజుల్లోనే చనిపోవచ్చు. మనకూ కుక్కకూ పనికొచ్చే మందు దీనికి విషం.

అపోహ: తిండి మానేసిందంటే అది పళ్ళ సమస్యే.

ఈ అపోహ కొంత మా వల్లే పుట్టింది. మూత్రాశయంలో రాళ్ళు, అండాశయంలో తిత్తులు, న్యుమోనియా, వడదెబ్బ, దేనివల్లయినా తిండి మానేయొచ్చు. తినకపోతే పళ్ళు అరగవు. అప్పుడు నోరు తెరిచి చూస్తే పళ్ళు పెరిగి కనపడతాయి, అదే కారణమనిపిస్తుంది. అందుకే ఎక్స్‌రే అడుగుతాం. వేర్లు లోపలికి పెరిగి దవడ కింద గడ్డల్లా తగలడం, కంటి వైపు నొక్కి కన్ను నీరు కారడం లాంటివి అందులోనే తేలుతాయి. వేర్లు అలా పెరిగిపోతే ఒక్కసారి అరగదీస్తే నయం కాదు, కొన్ని వారాలకోసారి మళ్ళీ చేయాల్సిందే. ఇది చెప్పేటప్పుడు ఇంటివాళ్ళ ముఖం చూడడం నాకు ఇప్పటికీ కష్టమే.

మత్తు ఇచ్చే ముందు రాత్రంతా పస్తు ఉంచాలా అని అడుగుతారు. అక్కర్లేదు, గినీ పిగ్ వాంతి చేసుకోలేదు. పస్తు పెడితేనే ముప్పు. వచ్చేటప్పుడు అది రోజూ తినే ఎండుగడ్డి ఒక గుప్పెడు, ఇంట్లో దానికి తోడు ఇంకో గినీ పిగ్ ఉంటే దాన్ని కూడా తీసుకురమ్మంటాను. మత్తు దిగాక కళ్ళు తెరిచేసరికి పక్కన తోడు గడ్డి నములుతుంటే, ఇదీ ఒక పోచ లాక్కుంటుంది.