నోడ్ సర్వర్లలోకి హుక్స్ ఎలా వచ్చాయి?

సర్వర్లలో జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ వాడేవాళ్లు ట్రేసింగ్ (ఒక్కో రిక్వెస్ట్ ఎక్కడెక్కడ తిరిగిందో నమోదు చేయడం) తీసేయాలా, నోడ్ 24కి మారాలా? 2026 జనవరి సెక్యూరిటీ ప్యాచ్‌ల తర్వాత బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల ఆఫీసుల్లో, గన్నవరం మేధా టవర్స్‌లో నోడ్‌తో పనిచేసేవాళ్ల మధ్య మళ్లీ ఇదే వాదన. చాలా లోతుగా ఒకదాంట్లో ఒకటి దూర్చిన జేసన్‌ను (డేటా పంపే టెక్స్ట్ రూపం) ఎవరైనా పంపితే, దాన్ని విప్పే రికర్షన్‌కు (తనను తానే పిలుచుకునే ఫంక్షన్‌కు) స్టాక్, అంటే ఫంక్షన్ పిలుపులకు కేటాయించిన మెమరీ, చాలదు. మామూలుగా ఆ ఎర్రర్, ఎర్రర్లను పట్టుకునే ట్రై-క్యాచ్‌కు దొరకాలి. అసింక్ హుక్స్ (నోడ్ లోపలి పనులను గమనించే సదుపాయం) ఆన్‌లో ఉంటే దొరక్కపోవచ్చు, అప్పుడు ప్రాసెస్ మొత్తం ఆగిపోతుంది. దాంతో పాటే వేరే యూజర్ల రిక్వెస్టులూ పోతాయి.

2017లో నోడ్ 8తో వచ్చిన అసింక్ హుక్స్ ప్రతి టైమర్‌కీ, సాకెట్‌కీ (నెట్‌వర్క్ కనెక్షన్), ప్రామిస్‌కీ (తర్వాత వచ్చే ఫలితం) ఒక ఐడీ ఇచ్చి, అది పుట్టినప్పటి నుంచి పోయేదాకా కబురు చెబుతుంది. హుక్‌లోనే ఎర్రర్ వస్తే ప్రాసెస్ ఆగిపోతుందని డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది. అప్పట్లో దాన్ని వాడింది ఎక్కువగా మానిటరింగ్ టూల్స్ రాసేవాళ్లే.

అసలు మలుపు 2020. ఆ ఏడాది, ఒక్కో రిక్వెస్ట్ సమాచారాన్ని దాని వెంటే ఉంచే అసింక్ లోకల్ స్టోరేజ్ వచ్చింది. రిక్వెస్ట్ ఐడీని ఫంక్షన్ నుంచి ఫంక్షన్‌కు మోసుకెళ్లే బాధ తప్పింది. గుంటూరు మిర్చి యార్డు వ్యాపారులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసే టీముకైనా ఏ బిల్లు ఎక్కడ ఆగిందో లాగ్‌లో తేలిగ్గా కనిపించే వీలు దొరికింది. నిజంగా మంచి సౌకర్యం. కానీ లోపల నడిచింది ఆ అసింక్ హుక్సే. 2021లో 16.4 వెర్షన్‌లో అసింక్ లోకల్ స్టోరేజ్‌కు స్టేబుల్ ముద్ర వేశారు. హుక్స్‌ను నేరుగా పెట్టుకునే క్రియేట్ హుక్ మాత్రం ఎక్స్‌పెరిమెంటల్‌గానే ఉండిపోయింది. వెబ్‌సైట్లు కట్టే నెక్స్ట్ జేఎస్, ట్రేసింగ్‌కు వాడే ఓపెన్ టెలిమెట్రీ లాంటివి ఈ స్టోరేజ్‌నే నమ్ముకున్నాయి. తమ కోడ్‌లో హుక్ అన్న మాటే రాయని డెవలపర్ల సర్వర్లలో కూడా హుక్స్ నడవడం మొదలైంది అలాగే. స్టేబుల్ అని చూసి వాడినవాళ్లను ఇప్పుడు తప్పుపట్టడం న్యాయం కాదు.

స్టాక్ నిండిపోతే తప్పకుండా కోలుకోవచ్చని జావాస్క్రిప్ట్ ప్రమాణం ఎక్కడా మాట ఇవ్వలేదన్నది నోడ్ బృందం వాదన. అదీ నిజమే.

2025లో వచ్చిన నోడ్ 24లో ఈ స్టోరేజ్ పని అసింక్ కాంటెక్స్ట్ ఫ్రేమ్ అనే కొత్త పద్ధతికి మారింది, దానికి హుక్స్ అక్కర్లేదు. నోడ్ 20, 22 వెర్షన్లలో ఉన్నవాళ్లకు జనవరి ప్యాచ్ స్టాక్ ఎర్రర్‌ను తిరిగి మన కోడ్‌కు అందిస్తుంది. కాబట్టి ట్రేసింగ్ పీకేయాల్సిన పని లేదు. అయితే 24కి మారినా, క్రియేట్ హుక్‌ను నేరుగా పిలిచే పాత మానిటరింగ్ ఏజెంట్ ఉంటే హుక్స్ మళ్లీ ఆన్ అవుతాయి. వాళ్లకూ జనవరి ప్యాచ్ ఉన్న 24.13 లేదా ఆ తర్వాతి వెర్షన్ తప్పనిసరి.