మొబైల్ డెవలపర్లు పక్షాలు కట్టిన కథ

యాప్‌లు రాసేవాళ్లు ఫోన్ల గురించి వాదించుకుంటుంటే కాసేపటికి ఒక మాట వచ్చిపడుతుంది: "నువ్వు వాళ్ల మనిషివి కదా, అలాగే అంటావులే." ఐఫోన్‌లో ఒక మంచి చెప్తే ఆపిల్ భజన, ఆండ్రాయిడ్‌లో ఒక మంచి చెప్తే గూగుల్ భజన. ఈ నింద పూర్తిగా అబద్ధం కాదు. ఒక ప్లాట్‌ఫామ్ లోతుపాతులు తెలిసేది దాని మీద బతికేవాడికే. దాని మీద బతికేవాడు దాని బాగు కోరకుండా ఉండలేడు. అయితే ఆ కోరికను అభిమానం అనుకోవడం పొరపాటు. అది ఎలా పుట్టిందో చూడాలంటే 2007కి వెళ్లాలి.

ఆ జనవరిలో స్టీవ్ జాబ్స్ ఐఫోన్ చూపించినప్పుడు బయటివాళ్లు అందులో యాప్ పెట్టే దారే లేదు. బ్రౌజర్‌లో నడిచే వెబ్ యాప్‌లు రాసుకోండని జూన్‌లో చెప్పారు. డెవలపర్లు పెదవి విరిచారు. 2008 మార్చిలో బయటివాళ్లు యాప్‌లు రాసుకునే సాధనాల మూట ఎస్‌డీకే వచ్చింది, జులైలో సుమారు 500 యాప్‌లతో యాప్ స్టోర్ తెరుచుకుంది. అదే ఏడాది అక్టోబర్‌లో మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ టీ-మొబైల్ జీ1 అమ్మకానికి వచ్చింది.

పక్షాలు అక్కడే ఏర్పడ్డాయి. ఆపిల్ వైపు వెళ్లాలంటే మ్యాక్ కొనాలి, ఏటా 99 డాలర్లు కట్టాలి, ఆబ్జెక్టివ్-సీ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవాలి, రాసిన ప్రతి యాప్‌నూ ఆపిల్ రివ్యూకి పంపాలి. గూగుల్ వైపు ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు, భాష జావా, ఇంట్లో ఉన్న విండోస్ కంప్యూటర్ సరిపోతుంది. అమీర్‌పేటలో జావా కోర్సు చేసి వచ్చినవాడు ఎటు వెళ్తాడో వేరే చెప్పాలా? అందులో సిద్ధాంతం ఏమీ లేదు. పెట్టుబడి పెట్టాక మాత్రం సిద్ధాంతం తయారైంది. ఒకరు నాణ్యత అన్నారు, ఇంకొకరు స్వేచ్ఛ అన్నారు.

గొడవ ముదిరింది 2010లో. మార్చిలో టిమ్ బ్రే అనే సాఫ్ట్‌వేర్ నిపుణుడు గూగుల్‌లో చేరి ఆండ్రాయిడ్ తరఫున మాట్లాడటం మొదలుపెట్టాడు. చేరిన రోజే ఐఫోన్‌ను, లాయర్లు కాపలా కాసే గోడల తోటగా వర్ణిస్తూ రాశాడు. దాన్ని నేను తప్పు పట్టను. ఆయనకు జీతం ఎవరిస్తున్నారో చదివేవాళ్లందరికీ తెలుసు. పక్షం బయటికి కనబడే మనిషితో చిక్కు లేదు, జీతం లేకుండానే వకాల్తా పుచ్చుకునేవాడి మాటనే తూకం వేయడం కష్టం.

ఏప్రిల్‌లో ఆపిల్ డెవలపర్లతో చేసుకునే ఒప్పందంలోని 3.3.1 నిబంధన మార్చింది. ఐఫోన్ యాప్‌లను మొదటి నుంచీ ఆబ్జెక్టివ్-సీ, సీ, సీ++, లేదా ఐఫోన్ బ్రౌజర్ ఇంజన్ వెబ్‌కిట్‌లో నడిచే జావాస్క్రిప్ట్‌లోనే రాయాలంది. ఫ్లాష్‌లో (వెబ్‌లో యానిమేషన్లు, ఆటలు నడిపే అడోబీ సాఫ్ట్‌వేర్) రాసినదాన్ని ఐఫోన్ యాప్‌గా మార్చే సాధనాన్ని అడోబీ విడుదల చేయబోతున్న రోజులవి. మధ్యలో ఇంకొకరి పొర ఉంటే యాప్‌లు నాసిగా వస్తాయని, కొత్త సౌకర్యాల కోసం డెవలపర్లు ఆ మూడో కంపెనీ దయ మీద ఆధారపడాల్సి వస్తుందని జాబ్స్ ఆ నెలాఖరున బహిరంగంగా రాశాడు. ఫ్లాష్ మీద బతుకుతున్నవాళ్లు మండిపడ్డారు. ఆబ్జెక్టివ్-సీ వాళ్లలో చాలామంది జాబ్స్ మాటే సరైందన్నారు. నిజానికి ఆ వాదనలో బలముంది, అప్పటి ఫ్లాష్ ఫోన్ల బ్యాటరీని గట్టిగానే తినేది. కానీ పోటీదారులకు తలుపు మూసే నిబంధనను, తలుపు లోపల ఉన్నవాళ్లు మెచ్చుకుంటే వినేవాడికి అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? సెప్టెంబర్‌లో ఆపిల్ ఆ నిబంధనను సడలించి, రివ్యూ మార్గదర్శకాలను మొదటిసారి ప్రచురించింది. ఆ నిబంధనను సమర్థిస్తూ ఐదు నెలలు వాదించినవాళ్లను కంపెనీయే వదిలేసిందన్నమాట.

ఇంకా ఘోరం నోకియా వాళ్లకు జరిగింది. 2010లో కూడా ప్రపంచంలో ఎక్కువ స్మార్ట్‌ఫోన్లు నడిచింది నోకియా వాడే ఆపరేటింగ్ సిస్టమ్ సింబియన్ మీదే. సింబియన్ సీ++ నేర్చుకోవడం మామూలు కష్టం కాదు. ఆ కష్టం తగ్గించడానికే నోకియా 2008లో యాప్‌లు రాసే సాధనం క్యూటీని తయారుచేసే ట్రోల్‌టెక్ కంపెనీని కొని, ఇకమీదట క్యూటీలో రాయండని డెవలపర్లకు చెప్పింది. వాళ్లు నేర్చుకున్నారు. 2011 ఫిబ్రవరి 11న సీఈఓ స్టీఫెన్ ఎలాప్ ఇక తమ దారి మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఫోన్ అని ప్రకటించాడు. అందులో క్యూటీ ఉండదు. నమ్మి వచ్చినవాళ్లను నట్టేట ముంచడమంటే ఇదే. పైగా ఎలాప్ కొద్ది నెలల కిందటే మైక్రోసాఫ్ట్ నుంచి వచ్చినవాడు కావడంతో, ట్రోజన్ గుర్రం అనే నింద అప్పుడే మొదలైంది. 2014 ఏప్రిల్‌లో నోకియా ఫోన్ల విభాగం మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లినప్పుడు ఆయనా దానితోపాటే వెళ్లాడు. నింద రుజువు కాలేదు, పోనూ లేదు.

విండోస్ ఫోన్ వైపు వెళ్లినవాళ్లకూ స్థిమితం దొరకలేదు. 2012 జూన్‌లో, అప్పటికి ఉన్న ఫోన్లకు విండోస్ ఫోన్ 8 రాదని తేల్చేశారు. 2013లో మైక్రోసాఫ్ట్ ఒక్కో యాప్‌కు 100 డాలర్లు ఇస్తామంది, బ్లాక్‌బెర్రీ కూడా డబ్బు ఆశ చూపించింది. యాప్‌ల సంఖ్య పెరిగింది, వాడదగ్గవి మాత్రం ఆ లెక్కన పెరగలేదు. 2014 ఫిబ్రవరిలో మన హైదరాబాద్ సత్య నాదెళ్ల సీఈఓ అయ్యాడు. మార్చిలో ఆయన మొదటి పెద్ద ప్రకటన, ఐప్యాడ్‌కు ఆఫీస్. టచ్ కోసమే తయారుచేసిన ఆఫీస్ సొంత విండోస్‌కు అప్పటికి ఇంకా రాలేదు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? 2015 జులైలో నోకియా కొనుగోలు మీద 7.6 బిలియన్ డాలర్లు నష్టం కింద రాసేసి, 7,800 వరకు ఉద్యోగాలు తీసేస్తున్నట్టు చెప్పారు.

తర్వాత రియాక్ట్ నేటివ్, ఫ్లట్టర్ అనే సాధనాలు వచ్చి ఒకే కోడ్‌తో రెండు ఫోన్లకూ రాయడం మామూలైంది. 2010లో ఆపిల్ వద్దన్న పని దాదాపు ఇదే. దాంతో భాష పేరిట పక్షాలు కొంత పలచబడి, తగాదా యాప్ లోపలి అమ్మకాల్లో స్టోర్లు తీసుకునే కమిషన్ మీదికి మళ్లింది. 2020 ఆగస్టులో ఆటల కంపెనీ ఎపిక్ గేమ్స్ ఒకే రోజు ఆపిల్ మీదా గూగుల్ మీదా కోర్టుకెక్కింది. మన దేశంలో ప్లే స్టోర్ బిల్లింగ్ విషయంలో వ్యాపార పోటీని పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబర్‌లో గూగుల్‌కు 936.44 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2024 మార్చి 1న ఫీజు వివాదంలో భారత్ మ్యాట్రిమోనీ, నౌకరీ లాంటి యాప్‌లను గూగుల్ స్టోర్ నుంచి తీసేసి, ప్రభుత్వం కల్పించుకున్నాక తిరిగి పెట్టింది.

ఇక్కడ పక్షాల గీత మారిపోయింది. యాప్ లోపల సబ్‌స్క్రిప్షన్లు అమ్మేవాడికి ఈ కమిషన్ గుండెల మీద కుంపటి. ప్రకటనల మీద సంపాదించే యాప్‌కు ఆ కమిషన్ పైసా కూడా తగలదు. సరుకులు అమ్మే యాప్‌లకూ, క్యాబ్ యాప్‌లకూ అంతే. ఇద్దరూ ఆండ్రాయిడ్ డెవలపర్లే అయినా ఒకరు గూగుల్‌ను దోపిడీదారు అంటారు, ఇంకొకరు ఆ గొడవ తమది కాదంటారు. ఇప్పుడు ఒక డెవలపర్ ప్లే స్టోర్ గురించి ఏదైనా అంటే, అతని జేబులో ఏ ఫోన్ ఉందో అడిగి లాభం లేదు. అతని యాప్‌కు డబ్బు ఎటునుంచి వస్తుందో అడగాలి.